ముందు ఆమె కూర్చోవాలి

బహ్రెయిన్‌లో ఇంటి డ్రైవరు అన్నవాడు ముందు బండిని చల్లబెట్టడం నేర్చుకోవాలి. నడపడం ఆ తర్వాతి సంగతి. ఇంట్లోవాళ్ళు బయలుదేరుతున్నారని తెలియగానే వెళ్ళి ఇంజను వేసి, ఏసీ పెట్టి, లోపలి గాలి మనుషులు పీల్చుకునేటట్టు చేసి ఉంచాలి. ఎండాకాలం వచ్చాక ఆ పని చెయ్యని డ్రైవరును ఎవరూ ఉంచుకోరు. నేను ఈ పాఠం బుద్ధిగా నేర్చుకుని, ఉద్యోగంలో చేరిన మొదటిరోజే బుద్ధిగా అమలుచేసి, జీవితంలో ఎన్నడూ తినని తిట్లు తిన్నాను.

తిట్టింది ఆ ఇంటి పెద్దావిడ. డెబ్భై దాటిన మనిషి. కర్ర ఊపుకుంటూ వచ్చి "ఆపు, దిగు, దిగు" అని అరిచింది. నా అరబీ అప్పటికి కూలిపనికి సరిపడా మాత్రమే కాబట్టి తిట్లలో సగం అర్థం కాలేదు. అర్థమైన సగమే చాలింది. ఇంజను ఆపి దిగాను. ఆమె నింపాదిగా వచ్చి, పొయ్యిలా కాలుతున్న కారులో వెనక సీట్లో కూర్చుని, తలుపు వేసుకుని, ఇక పద అన్నట్టు "యల్లా" అంది. అప్పుడుగానీ నన్ను తాళం తిప్పనివ్వలేదు.

ఆ ఇంటి పద్ధతి అది. ముందు ఆమె కూర్చోవాలి, తర్వాతే ఇంజను. కూతురు ఎక్కడికైనా ఒక్కతే వెళ్తున్నా సరే, కారు స్టార్టయ్యేదాకా ఈమె వచ్చి లోపల కూర్చునేది. స్టార్టయ్యాక దిగి ఇంట్లోకి పోయేది.

వాళ్ళు పాలస్తీనా వాళ్ళు. కూతురు మనామాలో స్కూలు టీచరు, అల్లుడు అవాలిలో ఆయిల్ కంపెనీ ఇంజనీరు. పెద్దావిడ భర్త యూరప్‌లో ఒక పట్నంలో తమ జనం తరఫున ప్రతినిధిగా ఉండేవాడనీ, చాలా ఏళ్ళ కిందట ఆయన్ని అక్కడే చంపేశారనీ, అప్పటినుంచీ తల్లి తన దగ్గరే ఉంటోందనీ కూతురు నాకు చెప్పింది. ఎలా చంపారో చెప్పలేదు. నేనూ అడగలేదు. హాల్లో గోడ మీద ఆయన ఫొటో ఉండేది. మందపాటి కళ్ళద్దాలు, నలిగిన కోటు, ఫొటో తీసేవాడు ఏదో జోకు వేసినట్టు ఒక నవ్వు.

"అమ్మ దగ్గర డ్రైవర్లు ఎవరూ నిలవడం లేదు," అంది కూతురు. "బయటికి తీసుకెళ్ళకపోతే పొద్దస్తమానం టీవీలో మా ఊరి వార్తలు చూస్తూ కూర్చుంటుంది. తిండి కూడా మానేస్తుంది. ఆవిడ నీ బండెక్కితే నువ్వు ఉంటావు. ఎక్కనంటే మాత్రం నేను చేసేదేం లేదు."

అంతకుముందు నేను కన్‌స్ట్రక్షన్‌లో ఉన్నాను. కరీంనగర్ జిల్లాలో మా ఊరివాళ్ళకు గల్ఫంతా దుబాయే కాబట్టి, దుబాయి పోతున్నానని అందరికీ చెప్పి బహ్రెయిన్‌లో దిగినవాణ్ణి. సిమెంటు బస్తాలు మోసి మోసి లైసెన్సు సంపాదించుకున్నాను. మళ్ళీ ఆ బస్తాల కిందికి పోవాలని నాకు లేదు. కాబట్టి ఆ పెద్దావిడ నా బండి ఎక్కడం మీదే నా బతుకు ఆధారపడి ఉంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటే, అవును మామా, మూడే అనాలి. అక్కడి ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళం పెద్దావిడను 'మామా' అంటాం, అరబీలో అమ్మ అని. మా ఊళ్ళో మామంటే పిల్లనిచ్చినవాడు. మొదట్లో ఆమెను అలా పిలవడానికి నాకు నవ్వొచ్చేది.

అయితే నాకు కోపమూ ఎక్కువే. స్టీరింగు పట్టుకుంటే అరచేయి చుర్రుమనేది. చొక్కా వీపుకు అతుక్కుపోయేది. దీనికి తోడు ఆమె బూట్లు వేసుకునే తీరు ఒకటి. అందరూ గుమ్మంలో వేసుకుంటారు. ఆమె బూట్లు చేతిలో పట్టుకుని బయటికొచ్చి, కారు పెట్టే షెడ్డు ఎదురుగా అడుగెత్తు అరుగు ఉంటే దాని మీద కూర్చునేది. ఒక బూటు తొడుక్కుని, లేసు కట్టి, విప్పి, మళ్ళీ కట్టి, తర్వాత రెండోది. నేను ఎండలో నిలబడి ఆమె లేసుల సంగతి చూస్తూ ఉండాలి. ఆమె మాత్రం లేసుల వంక చూసేది కాదు.

శుక్రవారం సెలవునాడు నువైద్రాత్ దగ్గర మా జిల్లావాళ్ళ రూముకు పోయేవాణ్ణి. అక్కడ నాకు డ్రైవరు పని చూపించిన పెద్ద మేస్త్రి ఉండేవాడు. అన్నా అని పిలిచేవాణ్ణి. ఆయన దగ్గర నా గోడు వెళ్ళబోసుకున్నాను.

"ఏందన్నా ఈ లొల్లి? ఏసీ ఏస్తనంటె ఎయ్యనియ్యది. ఉడుకుల గూసుంటది, నన్ను గూసోవెడ్తది."

"పెద్దోళ్ళ శాస్త్రాలు గట్లనే ఉంటయిరా," అన్నాడు అన్న. "తిండి మంచిగ వెడ్తుందా లేదా?"

"తిండికేం తక్కువ లేదే."

"మరి మూసుకోని బండి నడుపు."

తిండి నిజంగానే బాగుండేది. పొద్దున్నే రొట్టె కాల్చి, మీద ఆలివ్ నూనె పోసి, వాళ్ళ ఆకుపొడి చల్లి, తాను తినకముందే నా పళ్ళెం వంటింటి కిటికీలో పెట్టేది. నేను ఊరినుంచి వచ్చిన మామిడికాయ తొక్కు ఆమెకు రుచి చూపించాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ముక్కు తుడుచుకుంది, ఇంకొంచెం పెట్టమంది. ఆ సీసా మళ్ళీ నా చేతికి రాలేదు.

మా ఇద్దరి మాటలు సగం అరబీ, కొంత హిందీ, మిగతాది చేతులు. ఆమె అన్నవన్నీ ఇక్కడ నా తెలుగులోనే రాస్తున్నాను. ఒకరోజు నా పాస్‌పోర్టు గురించి అడిగింది.

"ఉన్నది మామా. కఫీల్ దగ్గరున్నది," అన్నాను. కఫీల్ అంటే వీసాకు పూచీ ఉన్న యజమాని, నాకు ఆమె అల్లుడే.

ఆమె పకపకా నవ్వింది. "నీకు దేశం ఉంది, కాగితం చేతిలో లేదు. నాకు కాగితం చేతిలో ఉంది," అని పర్సు మీద తట్టి, ఆ తర్వాతి మాట అనకుండా కిటికీలోంచి బయటికి చూసింది. సాయంత్రం అల్లుడితో ఏం గొడవ పడిందో తెలియదు, మర్నాడు నా పాస్‌పోర్టు నా చేతికొచ్చింది. ఆ రోజునుంచి ఆమె మీద నాకు గౌరవం, ప్రేమ రెండూ పుట్టాయి. ఉడుకు మీద కోపం మాత్రం అలాగే ఉంది.

ఇలా ఉండగా అల్లుడు కొత్త కారు కొన్నాడు. తెల్లటిది, పెద్దది. అన్న అది చూసి చుట్టూ తిరిగి, బానెట్టు మీద చెయ్యి వేసి, నన్ను కోపంగా చూశాడు.

"నిమ్మకాయేదిరా?"

"ఏ, గియన్ని వాళ్ళకుండయన్నా."

"వాళ్ళకు లేకుంటె నీకు లేదా? నడిపేది నువ్వా వాళ్ళా? గింత పెద్ద బండికి ఎంతమంది కండ్లు తల్గుతయి! ముసలామె గూసుంటది అండ్ల. కట్టు."

ఆ చివరిమాట నన్ను పట్టుకుంది. ముందు బంపరుకు కడితే ఇంజనీరు గారు పీకి పారేస్తాడు. అందుకని ఎవరికీ కనబడకుండా కట్టాలనుకున్నాను. నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు, ఒక పటిక ముక్క నల్లగుడ్డలో మూటగట్టి, దారమైతే ఇంజను వేడికి తెగుతుందని, కన్‌స్ట్రక్షన్ నాటి ఎర్ర కరెంటు వైరు ముక్క నా సామాన్లో ఉంటే దాంతో గట్టిగా బిగించి, డ్రైవరు సీటు కింద చాసిస్‌కు కట్టాను. పని శుభ్రంగా చేశానని సంతోషించాను కూడా.

మర్నాడు పొద్దున ఆమె బూట్లు పట్టుకుని అరుగు మీద కూర్చుంది. నేను కారు అద్దం తుడుస్తున్నాను. ఒక బూటు వేసుకుంది. రెండోది చేతిలోనే ఉండిపోయింది.

"ఇబ్నీ," అంది. ఇబ్నీ అంటే కొడుకా అని. అరవలేదు. ఆ మెత్తటి గొంతు నేను ఎప్పుడూ వినలేదు. "బండి ముట్టుకోకు. నెమ్మదిగా నా దగ్గరికి రా."

వెళ్ళాను. నా చొక్కా పట్టుకుని గుంజి తన వెనక్కి తోసుకుంది. డెబ్భై దాటిన మనిషి, ఒక కాలికి బూటు, ఒక కాలు ఒట్టిది, నాకూ కారుకూ మధ్య నిలబడింది. కర్ర చాచి కారు కింద చూపించింది. అక్కణ్ణుంచి వంగి చూస్తే అడుగుభాగమంతా సినిమాలాగా కనబడుతోంది. నల్లమూట, ఎర్రవైరు.

నాకు నవ్వొచ్చింది. ఇంతేనా అనిపించింది.

"మామా, భయపడకు. గది నాదే. నేనే కట్టిన."

గోరుచుట్టు మీద రోకలిపోటంటే అదే. ఆమె నా చొక్కా వదిలేసింది. వెనక్కి తిరిగి నన్ను చూసింది. కోపం కాదు ఆ చూపులో. పెంచుకున్నవాడు పొడిస్తే చూసినట్టు చూసింది. 

కూతురు, అల్లుడు పరుగెత్తుకొచ్చారు. అల్లుడు వంగి చూసి, మొహం పాలిపోయి, జేబులోంచి ఫోను తీశాడు.

"ఎవరు కట్టమన్నారు నిన్ను?"

నేను నిజం చెప్పే మనిషిని. "నువైద్రాత్‌ల మా అన్న కట్టమన్నడు సార్."

"ఇంకా ఎవరున్నారు అక్కడ?"

"రూము నిండ ఉంటరు సార్."

ఆయన నంబరు నొక్కుతుంటే అప్పుడు తట్టింది నాకు, వీళ్ళు దేన్ని చూసి భయపడుతున్నారో. పెద్దావిడ భర్త ఎలా పోయాడో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది.  వద్దు వద్దని అరుస్తున్నా వినకుండా కారు కిందికి దూరి, మూట పీక్కుని బయటికొచ్చి, వాళ్ళ ముందు నేల మీద విప్పాను. నిమ్మకాయ ఒకటి దొర్లింది. మిరపకాయలు రాలాయి.

 నా నోట అరబీ రాలేదు, హిందీ రాలేదు, తెలుగూ రాలేదు. గుమ్మం మీద వాళ్ళు వేలాడదీసుకున్న నీలిరంగు గాజుకన్ను కనిపించింది. దాన్ని చూపించాను, నిమ్మకాయను చూపించాను. "గది మీ కన్ను, గిది మా కన్ను," అన్నాను. అయినా అల్లుడు పటిక ముక్క వంక అనుమానంగా చూస్తుంటే, ఒక మిరపకాయ తీసి కరకర నమిలి మింగాను. ఆ పటిక కూడా నాకాను.

ముందు నవ్వింది పెద్దావిడే. అరుగు మీద కూలబడి, పొట్ట పట్టుకుని, బూటు నేలకేసి కొడుతూ నవ్వింది. నవ్వుతూనే ఉండగా అది ఏడుపైంది. కూతురు పక్కన కూర్చుని భుజం పట్టుకుంది. నేను మిరపకాయ మంటకు ఏడుస్తున్నాను. ఎవరు దేనికి ఏడుస్తున్నారో చూసేవాళ్ళకు తెలియదు.

అల్లుడు మాత్రం ఫోను జేబులో పెట్టుకుంటూ, "వీణ్ణి ఈరోజే పంపించెయ్యాలి," అన్నాడు. ఆయన్ని తప్పు పట్టడానికేం లేదు. నేనైనా అదే అనేవాణ్ణి.

"వీడు పోతే నేను ఏ కారూ ఎక్కను," అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ. "ఖలాస్." తర్వాత నావైపు తిరిగి, "ఇది మళ్ళీ కట్టు. కానీ ముందు కట్టు, నాకు కనబడేలా. మా ఆయన కారుకు ఎవరూ కట్టలేదు," అంది.

అలా బహ్రెయిన్‌లో ఒక పాలస్తీనా ఇంజనీరు తన కొత్త కారుకు నిమ్మకాయ, మిరపకాయలు వేలాడేసుకుని, నేను నడుపుతుంటే అవాలికి డ్యూటీకి పోయాడు. అత్తగారి మాట మరి.

ఆ మధ్యాహ్నమే దారిలో ఆమె తనంతట తాను చెప్పింది. భర్త పోయిన రోజు పొద్దున ఆయన ఎప్పటిలాగే ముందు కిందికి దిగాడు. ఆమె పై అంతస్తులో బూట్లు వేసుకుంటోంది. లేసు ముడిపడితే విప్పుకుంటూ కాస్త ఆలస్యం చేసింది. కింద వీధిలో ఆయన తాళం తిప్పాడు. కిటికీ అద్దాలన్నీ ఆమె ఒళ్ళో పడ్డాయి. ఎవరు పెట్టారో చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారుగానీ, ఒప్పుకున్నవాళ్ళు మాత్రం ఈనాటికీ ఎవరూ లేరట.

"ఆయన ఒక్కడే పోయాడు," అంది. "ఇంకెవర్నీ ఒంటరిగా తాళం తిప్పనివ్వను."

"నేను పోతె నువ్వు గూడ పోతవు గద మామా. ఏం ఫాయిదా?"

"ఫాయిదా లేదు," అంది. "అయినా కూర్చుంటాను."

 ఆ రోజునుంచి ఉడుకు గురించి నేను ఒక్కమాట అనలేదు.

ఆ తర్వాతి ఏళ్ళు నాకు మంచి ఏళ్ళు. గల్ఫులో సుఖంగా ఉన్నానని చెబితే మావాళ్ళు నమ్మరుగానీ, నేనున్నాను. సముద్రం పక్క రోడ్డు మీద నెమ్మదిగా పోతుంటే ఆమె భర్త కథలు చెప్పేది. ఆయన కొండల మీది ఆలివ్ తోటల ఊళ్ళో పుట్టాడు. చిన్నప్పుడే ఆ ఊరు వదిలి పారిపోవాల్సొచ్చింది. పెద్దయ్యాక గల్ఫులోనే బడిపిల్లలకు లెక్కలు చెప్పాడు. తర్వాత ఆ యూరప్ పట్నానికి పంపించారు. దేశం లేదు కాబట్టి ఎంబసీ లేదు. ఒక రొట్టెల దుకాణం పైన రెండు గదులు, ఒక ఫోను. ఫోను ఆయనే ఎత్తి, సెక్రటరీ గొంతుతో "ఉండండి, ఇస్తాను" అని, మళ్ళీ తన గొంతుతో మాట్లాడేవాడట. ఆ దేశపు భాష కూరగాయలమ్మే ముసలాయన దగ్గర నేర్చుకున్నాడట. అందుకని మంత్రులతో మాట్లాడినా సంతలో బేరమాడినట్టే ఉండేదట, వాళ్ళు నవ్వేవాళ్ళట. ఒక కాలేజీలో మాట్లాడుతుంటే ఎవడో టమాటా విసిరాడు. ఆయన దాన్ని పట్టుకుని, "ఈ ఊళ్ళో ఇవి చాలా చవక, మా ఊరివి తింటే ఇలా పారెయ్యరు," అన్నాడు. విసిరినవాడు మీటింగు అయ్యాక వచ్చి కాఫీ ఇప్పించాడట. అన్నం వండితే మాడ్చేవాడు. బండి నడపడం అసలు చేతకాదు.

"నీకంటే అధ్వాన్నం," అంది ఆమె.

"మామా, నేను మంచిగనే నడుపుత!"

"అదే అంటున్నాను. నీకంటే అధ్వాన్నం."

తర్వాతి వేసవిలో ఆయన వర్ధంతి వచ్చింది. ఏటా వాళ్ళవాళ్ళు మనామాలో ఒక హాలు తీసుకుని సభ పెడతారు. ఆమెను ముందు వరసలో కూర్చోబెట్టి, పెద్దపెద్దవాళ్ళు మైకు పట్టుకుంటారు. నేను వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. అమరుడు, వీరుడు, జాతి, త్యాగం. ఆ మాటలు నాకు తెలిసేపాటి అరబీ అప్పటికి వచ్చేసింది. టమాటా సంగతి ఎవరూ చెప్పలేదు. నాకు చాలా కోపం వచ్చింది. ఆయన్ని నేను చూడకపోతేనేం, వాళ్ళందరికంటే ఆయన నాకు బాగా తెలుసనిపించింది.

చివర్లో ఆమెను రెండుమాటలు చెప్పమన్నారు. ఏటా వద్దనేదట. ఆ ఏడు లేచింది. కర్ర పట్టుకుని మైకు దగ్గరికి పోయి, "నా భర్త బండి చాలా చెడ్డగా నడిపేవాడు," అని మొదలుపెట్టింది.  టమాటా దగ్గరికి వచ్చేసరికి ముందు వరసలో ఒక పెద్దమనిషి ఆపుకోలేక నవ్వాడు. ఆ తర్వాత ఇక అందరూ నవ్వారు. ఆయన మాడ్చిన అన్నం తిన్నవాళ్ళు కూడా ఆ హాల్లో ఉన్నారని తేలింది. ఒకాయన లేచి నిలబడి సాక్ష్యం చెప్పాడు.

సభ అయ్యాక జనం ఆమెను చుట్టుముట్టారు. మెట్ల మీద నిలబడి ఒక్కొక్కరితో మాట్లాడుతోంది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. నేను కాస్త దూరంలో ఆమె కోసం చూస్తున్నాను. ఆమె నావైపు తిరిగి, అందరూ వినేలా, "పో, బండి స్టార్ట్ చెయ్యి. చల్లబడ్డాక నేనొస్తాను," అంది.

పక్కనున్న కూతురు తల్లి మొహంలోకి చూసింది. నేను అక్కడే నిలబడ్డాను. "యల్లా," అంది ఆమె మళ్ళీ, విసుగ్గా.

కారు దాకా నడిచాను. తలుపు తీసి కూర్చున్నాను. లోపల ఎప్పటి ఉడుకే. వెనక సీటు ఖాళీగా ఉంది. ఎన్నో వందలసార్లు తిప్పిన తాళమే, వేళ్ళు చెప్పినట్టు వినలేదు. నిజం చెబుతున్నాను, భయమేసింది. బండి కింద ఏమీ లేదని తెలుసు, అయినా భయమేసింది. ఆ సీట్లో ఒంటరిగా కూర్చోవడమంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. అద్దంలోంచి మెట్లవైపు చూశాను. ఆమె చుట్టూ అందరూ మాట్లాడుతూనే ఉన్నారు. ఆమె మాత్రం ఎవరి మాటా వినడం లేదు. కళ్ళు గట్టిగా మూసుకుంది. కర్ర మీద రెండు చేతులూ బిగించింది. నేను తిప్పకపోతే ఆమె అలాగే నిలబడి ఉంటుంది.

తిప్పాను. ఇంజను అందుకుంది. ఏసీ గుయ్యిమంది. అంతే.

ఆమె కళ్ళు తెరిచింది. కూతురు చెయ్యి పట్టుకుందుగానీ ఆమె విడిపించుకుని, ఒక్కతే కర్ర పొడుచుకుంటూ వచ్చి వెనక సీట్లో కూర్చుంది. తలుపు వేసుకుంది. చల్లగాలి వచ్చే చోట అరచేయి పెట్టింది.

"అక్కడ చలికాలం మంచు పడేది," అంది. "నాకు చలి పడదు. నేను వచ్చేసరికి కారు వెచ్చగా ఉండాలని ఆయన ముందు దిగేవాడు. రోజూ. ఎండాకాలం వచ్చినా ఆ అలవాటు మానలేదు."

 రోడ్డు మసకగా కనిపిస్తుంటే చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాను.

"బాగా చల్లబెట్టావు, ఇబ్నీ," అంది. "యల్లా. ఇంటికి పోదాం."